లిఫ్టులో తగ్గిన బరువు

ఆ స్కూల్లో ఫిజిక్స్ ల్యాబు చూడముచ్చటగా ఉండేది. అద్దాల బీరువాల్లో కటకాలు, అయస్కాంతాలు, ఇత్తడి తూకపురాళ్ళు తళతళ మెరుస్తుండేవి. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులను ప్రిన్సిపాల్ ముందుగా అక్కడికే తీసుకెళ్ళేవాడు. చేరిన పిల్లలు మాత్రం దాన్ని కిటికీలోంచి చూడాల్సిందే. తాళంచెవి ఆయన సొరుగులో భద్రంగా ఉండేది.

పదో తరగతికి ఫిజిక్స్ చెప్పే టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తాళంచెవి అడిగింది.

"పగిలితే ఎవరు కొంటారమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్. "అయినా పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది కదా. నిత్యజీవితంలో దొరికే వస్తువులతో అని స్పష్టంగా రాశారు. ల్యాబులో ఉన్నవేవైనా నిత్యజీవితంలో దొరుకుతాయా, మీరే చెప్పండి."

దొరకవని టీచరు ఒప్పుకోక తప్పలేదు. ఆ రోజు నుంచి నిత్యజీవితం మీద పడింది. గరిటెకి అటూ ఇటూ ముఖం చూసుకుని పిల్లలు దర్పణాలు నేర్చుకున్నారు. క్లాసు తలుపును గడియ దగ్గర ఒక వేలితో తోసి, బందు దగ్గర భుజంతో తోసి, రెంటికీ తేడా కనిపెట్టారు. నీళ్ళ బకెట్టును గిరగిరా తిప్పితే నీళ్ళు ఒలకవని చూపించబోయిన కుర్రాడు, తనకే అనుమానమొచ్చి చెయ్యి మధ్యలో ఆపేశాడు. ముందు వరుస మొత్తం తలంటుకుంది. ఏడాది చివర్లో ఏ పాఠం బాగా గుర్తుందని అడిగితే అందరూ ఆ పాఠమే చెప్పారు.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఏ మాటనీ ఊరికే మింగేది కాదు, నమిలి చూసేది. స్టాఫ్‌రూములో ఆమెకు పేచీకోరు అని పేరు. ముద్దుకు పెట్టిన పేరు కాదు.

ఒకనాడు టీచరు బోర్డు మీద లిఫ్టు బొమ్మ వేసింది. అందులో పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ ఉన్న ఒక మనిషిని నిలబెట్టింది. అతని కాళ్ళ కింద తూకం మిషను పెట్టింది. లిఫ్టు కిందికి బయల్దేరితే అతని బరువు ఎంత చూపిస్తుంది అన్నది లెక్క. పిల్లలందరూ తలలు వంచి చకచకా చేసేశారు. పేచీకోరు కలం పట్టుకోలేదు.

"టీచర్, ఆయన లిఫ్టులో తూకం మీద ఎందుకు నిలబడ్డాడు? పనేం లేదా?"

"లెక్క కోసం."

"లెక్క కోసం ఎవరైనా నిలబడతారా? నిజంగా తగ్గుతుందా? మీరు చూశారా?"

టీచరు బోర్డు మీది బొమ్మ వైపు తిరిగి చూసింది. ఈ లెక్క తాను చదువుకునేటప్పుడు చేసింది, ఉద్యోగంలో చేరాక ఏటేటా చెబుతోంది. ఉండేది మూడో అంతస్తులో, రోజుకు రెండుసార్లు లిఫ్టు ఎక్కి దిగుతోంది. చూడటం మాత్రం ఎన్నడూ తోచలేదు.

"లేదు" అంది. అన్నాక ఆమెకు కొంచెం సిగ్గేసింది. మరుక్షణమే కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది. "ఆదివారం మా అపార్టుమెంటుకి రండి. చూద్దాం."

*

తూకం మిషను ఇంట్లోనే ఉంది. అయితే అది అత్తగారి మంచం కింద ఉంది.

డాక్టరు ఆవిడను బరువు తగ్గమన్నాడు. ప్రతి వారం చూసుకుంటూ ఉండమని కొడుకు ముచ్చటపడి ముల్లు తిరిగే మిషను కొనిచ్చాడు. అత్తగారు దాని మీద ఒక్కసారే నిలబడింది. కిందికి చూసి, "ఇది పాడైపోయింది" అని తేల్చి, మంచం కిందికి తోసి, పైన పాత దుప్పటి కప్పింది. అప్పటి నుంచి ఆ గది ఊడ్చే మనిషి కూడా దాని జోలికి పోయేది కాదు.

"అత్తయ్యా, మీ వెయింగ్ మిషను ఒకసారి తీసుకోనా? పిల్లలకి పాఠం చెప్పాలి" అని అడిగింది టీచరు.

"అది నాదేం కాదమ్మా, మీ ఆయన కొన్నది. తీసుకెళ్ళు. తిరిగి తేకపోయినా నేనేం అనుకోను."

ఆదివారం పిల్లలు దిగారు. టీచరు వాళ్ళను చిన్న చిన్న జట్లుగా చేసింది. ఒకరు మిషను మీద నిలబడాలి, ఒకరు నేల మీద కూర్చుని ముల్లు చూడాలి, ఒకరు గట్టిగా చదవాలి. మొదటి జట్టులో పేచీకోరు పట్టుబట్టి ముల్లు చూసే పని తీసుకుంది. టీచరు బటను నొక్కింది. పాతకాలపు లిఫ్టు అది. బయల్దేరేటప్పుడు ఒక్క కుదుపు కుదిపి గానీ కదలదు. ఆ కుదుపులో ముల్లు గబుక్కున వెనక్కి వాలింది.

"తగ్గింది! టీచర్, తగ్గింది! నిజంగానే తగ్గింది!"

పేచీకోరు అరుపు ఐదో అంతస్తు దాకా వినిపించింది. ఆ పిల్ల ఏ విషయాన్నైనా ఒప్పుకోవడం టీచరు మొదటిసారి చూస్తోంది. పిల్లలు వంతులు వేసుకుని దిగారు, ఎక్కారు, మళ్ళీ దిగారు. ప్రతి జట్టూ అదే వింతను అప్పుడే కనిపెట్టినట్టు కేకలు పెట్టింది.

గోల భరించలేక అత్తగారు బయటికి వచ్చింది. లిఫ్టు తలుపు దగ్గర నిలబడి కాసేపు ఆలకించింది.

"ఏంటి తగ్గుతోంది?"

"బరువు బామ్మగారూ! కిందికి వెళ్ళేటప్పుడు తగ్గుతుంది."

"ఎవరికైనా తగ్గుతుందా?"

"ఎవరికైనా."

అత్తగారు అటూ ఇటూ చూసింది. చెప్పులు విడిచి, కళ్ళజోడు సవరించుకుని, గుడిలోకి వెళ్ళినంత భక్తిగా మిషను ఎక్కింది. లిఫ్టు కదిలింది. ఎనభై దాటిన ముల్లు ఒక్క ఊపున డెబ్బై అయిదు దగ్గరికి జారింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూశావా, నేను ముందే చెప్పాను. ఇంట్లో పెడితే ఆ మిషను సరిగా పనిచెయ్యదు."

"అలా కాదత్తయ్యా" అంది టీచరు. "మీరు మిషన్ని ఎంత నొక్కితే అంతే అది చూపిస్తుంది. కాళ్ళ కింద నేల జారిపోతున్నప్పుడు మీరు నొక్కేది తగ్గుతుంది, అంతే. మీ బరువు మీ దగ్గరే ఉంది."

"నా దగ్గరుంటే ఉండనీ. మిషనుకి తెలియకపోతే చాలదా?"

"బామ్మగారూ, ఆగేటప్పుడు కూడా చూడండి, పెరుగుతుంది" అని పేచీకోరు ముల్లు దగ్గర కూర్చుని హెచ్చరించింది.

అత్తగారు ఆ మాట విన్నది. ఆగే సమయానికి కళ్ళు మూసుకుంది.

*

మర్నాటికల్లా ఈ సంగతి మెట్ల మీదుగా పాకి అన్ని అంతస్తులకూ చేరింది. ఎదురింటావిడ వచ్చింది. ఐదో అంతస్తులో ఉండే దర్జీ ఆవిడ వచ్చింది. రోజూ పొద్దున్నే ట్రాక్‌సూటు వేసుకుని పార్కుకు వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చే బ్యాంకు ఉద్యోగి కూడా వచ్చాడు. మిషను లిఫ్టులోనే ఉండిపోయింది. నిర్వహణంతా అత్తగారిదే.

"ఊపిరి బిగపట్టకు. కదిలేటప్పుడే చూసెయ్యి. ఆగేటప్పుడు చూడకు, అది మంచిది కాదు."

టీచరు తలపట్టుకుంది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి లిఫ్టు దగ్గర వరుస. ఆమె వాళ్ళందరికీ ఓపిగ్గా న్యూటన్ నియమాలు చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, తలలూపారు, మళ్ళీ వరుసలో నిలబడ్డారు. తరగతిలో ఇన్నేళ్ళుగా ఏ పాఠానికీ ఇంత హాజరు రాలేదని ఆమెకు ఒక మూల సంతోషంగానే ఉంది. ఆ సంతోషాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు.

భర్త మాత్రం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "మా అమ్మ తనంతట తాను మిషను ఎక్కుతోందా? నువ్వేం మందు పెట్టావే!" అని తల్లిని ఉన్నపళాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

అక్కడ నర్సు తూకం చూపించింది. అత్తగారు ఎక్కనంది.

"ఎందుకండీ?"

"అది కదలదు కదమ్మా. పాత పద్ధతి. డెబ్బై అయిదని రాసుకో, మా లిఫ్టులో చూసుకునే వచ్చాను."

నర్సు డాక్టరు వైపు చూసింది. డాక్టరు కొడుకు వైపు చూశాడు. కొడుకు గోడ మీది కేలండరు వైపు చూశాడు. ఇంటికి వచ్చాక భార్యతో ఒకే మాటన్నాడు. "నువ్వు లెక్కలు బోర్డు మీద చెప్పుకోవే."

*

అపార్టుమెంటు సెక్రటరీ తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా దుకాణాల్లో త్రాసులు పట్టుకుని తిరిగాడు. తన భవనంలో, తన లిఫ్టులో, సీలు లేని తూకం నడుస్తోందని తెలిసి ఆయనకు నిద్ర పట్టలేదు. కింద పార్కింగులో అందరినీ కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు.

"లిఫ్టు ఉన్నది మనుషులు పైకీ కిందికీ పోవడానికి" అని మొదలుపెట్టాడు. "చదువుకోవడానికి కాదు."

"వాళ్ళూ పైకీ కిందికేగా పోతున్నది" అంది దర్జీ ఆవిడ.

"అది వేరు. వీళ్ళు పోవడం కోసం పోవడం లేదు."

టీచరు లేచి నిలబడింది. ఇబ్బంది కలిగించినందుకు క్షమించమంది, మిషను ఇంటికి తీసుకెళ్ళిపోతానంది. ఆమె మాట పూర్తికాకముందే వెనక నుంచి అత్తగారు లేచింది.

"ఎందుకు తీసుకెళ్ళాలి? ఒకసారి మీరూ ఎక్కి చూడండి సెక్రటరీగారూ. చూడకుండా తప్పంటే ఎలా? ఎక్కినవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం."

కోడలు తిరిగి చూసింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి అత్తగారు తన పక్షాన నాలుగు మాటలు మాట్లాడటం ఇదే మొదలు. కారణం ఫిజిక్స్ కాకపోయినా ఆమె కాదనుకోలేదు.

సెక్రటరీ లిఫ్టు ఎక్కాడు. అత్తగారు సాక్షిగా ఎక్కింది. టీచరు బటను నొక్కింది. పైకి బయల్దేరేటప్పుడు ఆయన బరువు పెరిగింది. ఆయన ముఖం ముడుచుకుంది. కిందికి బయల్దేరేటప్పుడు తగ్గింది. ఆయన ఇంకా ముడుచుకున్నాడు. బయటికి వచ్చి, ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ గంభీరంగా ప్రకటించాడు.

"తూకంలో తప్పు లేదు. నేను చూశాను. తప్పు లిఫ్టులో ఉంది."

"సార్, తప్పు కాదు, అది త్వరణం..." అని టీచరు చెప్పబోయింది.

"ఒకే మనిషికి పైన ఒక బరువు, కింద ఒక బరువు చూపించే లిఫ్టును ఊరికే వదలడం నా వల్ల కాదమ్మా. రేపే మెకానిక్కుని పిలిపిస్తాను."

*

మెకానిక్ వచ్చి పైన మోటారు గది తెరిచి చాలాసేపు కూర్చున్నాడు. కిందికి దిగి, "ఏం లేదండి, బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు కుదుపు ఎక్కువుంది. మెల్లగా బయల్దేరి మెల్లగా ఆగేట్టు సెట్టింగు మార్చాను" అన్నాడు.

"కొంచెమైనా ఉంచకూడదా బాబూ?" అని అడిగింది టీచరు.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "కుదుపు తియ్యమనేవాళ్ళనే చూశాను మేడం. ఉంచమన్నవాళ్ళని ఇదే చూడటం."

సెక్రటరీ మళ్ళీ మిషను ఎక్కి పైకీ కిందికీ తిరిగాడు. ముల్లు వెంట్రుకవాసి కూడా కదిలినట్టు ఆయనకు కనిపించలేదు. అందరి బరువూ ఎక్కడైనా ఒకటే అయింది. అసోసియేషన్ తరఫున అందరూ ఆయనకు కృతజ్ఞతలు చెప్పారు. అత్తగారు మాత్రం చెప్పలేదు. "ఉన్న ఒక్క సుఖమూ తీసేశాడు" అని రెండు రోజులు అన్నం దగ్గర సణిగింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆ ఆదివారం రెండో సెక్షను పిల్లలు వస్తామన్నారు. వద్దని చెప్పడం టీచరుకు చేతకాలేదు. వచ్చారు. పేచీకోరు కూడా, తన సెక్షను కాకపోయినా, వెంట వచ్చింది. లిఫ్టు వెన్నలా కదిలింది. ముల్లు బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని ఉన్నచోటే ఉంది. పిల్లలు ముల్లు వైపు, టీచరు వైపు, మళ్ళీ ముల్లు వైపు చూశారు.

"టీచర్, లెక్క తప్పా?" అని ఒకడు జాలిగా అడిగాడు.

టీచరు చెమట తుడుచుకుంది. ఇంతలో పేచీకోరు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"లిఫ్టు అదే. మిషను అదే. మొన్న తగ్గింది, ఇవాళ తగ్గలేదు. మరి ఏం మారింది?"

పిల్లలు అక్కడే మెట్ల మీద కూర్చుని కొట్లాటకు దిగారు. తాడు మార్చారని ఒకరు, మోటారుకు బలం తగ్గిందని ఇంకొకరు. ఒక జట్టు లిఫ్టులో, ఒక జట్టు బయట నిలబడి పోవడానికి పట్టే సమయం చూశారు. పేచీకోరు మొన్న ఎంత పట్టిందో తన గడియారంలో చూసుకుందట, ఇప్పుడు అంతకంటే కాస్త ఎక్కువే పట్టింది. మధ్యలో మాత్రం అంతస్తుల నంబర్లు మునుపటిలాగే చకచకా మారుతున్నాయి. చివరికి వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరు మెదపని ఒక అమ్మాయి నెమ్మదిగా అంది.

"వేగం మారలేదు టీచర్. వేగం అందుకోవడం మారింది."

టీచరు ఆ పిల్ల పక్కనే మెట్టు మీద కూలబడింది. త్వరణం అంటే ఇదేనని చెప్పడానికి ఆమె ప్రతి ఏడాదీ బోర్డంతా నింపేది. సెక్రటరీగారికి మనసులోనే దండం పెట్టుకుంది.

*

ఈ సంగతి ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. ఆయన ఎంతో సంతోషించాడు. స్కూలు కరపత్రంలో వేయడానికి ఫోటో కావాలన్నాడు.

"లిఫ్టులో వెలుతురు చాలదమ్మా. ల్యాబులో తీద్దాం."

అలా ల్యాబు తాళం తెరుచుకుంది. పిల్లల చేతికి తలా ఒక కటకమో అయస్కాంతమో ఇచ్చి, నవ్వమని, ఎవరూ దేన్నీ కదపవద్దని చెప్పి ఫోటో తీశారు. 'చేతల ద్వారా చదువు' అని కింద అచ్చువేశారు. ఫోటో అయ్యాక వస్తువులన్నీ లెక్క చూసి లోపల పెట్టి తాళం వేశారు.

ఆ నెలలోనే పరీక్షలు వచ్చాయి. దిగుతున్న లిఫ్టులో మనిషి బరువు ఏమవుతుంది అన్నది ప్రశ్న. అందరూ 'తగ్గుతుంది' అని రాసి మార్కులు తెచ్చుకున్నారు. పేచీకోరు మాత్రం దిగడం మొదలైనప్పుడు తగ్గినట్టు కనిపిస్తుందనీ, మధ్యలో మామూలేననీ, ఆగేటప్పుడు పెరుగుతుందనీ, రిపేరు చేసిన లిఫ్టులో చెప్పుకోదగ్గ తేడా ఏదీ ఉండదనీ రాసింది. పేపర్లు దిద్దిన కెమిస్ట్రీ సారు సున్నా వేశాడు.

టీచరు పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"ఆ పిల్ల రాసిందే సరైన జవాబు సార్. మిగతావాళ్ళది సగమే సరి."

"కీలో ఏముంది?"

"తగ్గుతుంది అని."

"ఆ పిల్ల తగ్గుతుందంది, మామూలేనంది, పెరుగుతుందంది, తేడా ఉండదంది. నాలుగు వైపులా రాయి విసిరితే ఒకటైనా తగలదా? దానికి మార్కులిస్తే రేపు అందరూ అలాగే రాస్తారు."

"అందరూ అలా రాయాలనే నేను ఇంత..." అని టీచరు ఆగిపోయింది. ఆయన ముందు బల్ల మీద కొత్త కరపత్రాల కట్ట ఉంది. పైనున్నదాంట్లో పేచీకోరు కటకం పట్టుకుని, నవ్వమన్నారు కాబట్టి పళ్ళు కనిపించేలా నవ్వుతోంది.

మార్కులు మారలేదు. టీచరు ఆ సాయంత్రం క్లాసు అయ్యాక ఆ పిల్లను ఆపి, తనకు తోచినట్టు ఓదార్చబోయింది. పేచీకోరు వినిపించుకోనేలేదు.

"పోనివ్వండి టీచర్. మా నాన్న ఆఫీసు భవనంలో లిఫ్టు ఉంది. బాగా పాతది, పేగులు గొంతులోకొస్తాయి. అడిగాను, ఆదివారం ఎవరూ ఉండరు, వెళ్ళి చూసుకోమన్నారు. బామ్మగారి మిషను తెస్తారా?"

ఇంటికి వెళ్ళి టీచరు ఆ మాట అత్తగారి చెవిన వేసింది. మిషను కావాలని మాత్రమే అడిగింది. ఆదివారం పొద్దున తాను తయారయ్యేసరికి అత్తగారు గుమ్మంలో సిద్ధంగా ఉంది. చంకలో సంచి, సంచిలో మిషను.

"మీరెందుకత్తయ్యా, ఎండలో?"

"మిషను నాది. నువ్వు పట్టుకుపోయి ఎక్కడో పారేస్తే?"

ఇద్దరూ బస్సులో వెళ్ళారు. దారంతా అత్తగారు సంచి ఒళ్ళోంచి దించలేదు. ఆఫీసు భవనం దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. సంచి చూసి వాచ్‌మన్ అడ్డుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు కావాలి మీకు?"

కోడలు సంజాయిషీ చెప్పుకోవడానికి గొంతు సవరించుకునేలోగా అత్తగారు ముందుకు వచ్చింది.

"ఎవరూ అక్కర్లేదు బాబూ. లిఫ్టు కావాలి. వీళ్ళు పదో తరగతి. ఆవిడ మా టీచరు. కదిలేటప్పుడు ఎంత తగ్గుతుందో, ఆగేటప్పుడు ఎంత పెరుగుతుందో రెండూ చూడాలి."

"రెండూ చూస్తారా బామ్మగారూ?" అంది పేచీకోరు అనుమానంగా.

"చూస్తానే. కళ్ళు మూసుకుంటే మాత్రం పెరగడం మానుతుందా ఏం?"

వాచ్‌మన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆదివారం, భవనం ఖాళీ, పైన అడిగేవాళ్ళు లేరు. తాళాల గుత్తి తీసి లిఫ్టు తలుపు లాగాడు. అందరూ ఎక్కాక తానూ లోపలికి వచ్చి నిలబడ్డాడు. మిషను వైపు, తన బెల్టు వైపు ఒకసారి చూసుకుని, వరుస ఎక్కడి నుంచి మొదలని అడిగాడు.